మెత్తటి మాటల వేసవి

ఆ ఏడాది నాకు ప్రమోషన్ ఏప్రిల్ ఒకటో తారీఖున వచ్చింది. తారీఖు చూసి మా ఆయన చక్రి నమ్మలేదు. "ఇంకోసారి చదువు" అన్నాడు. ఇంకోసారి చదివాను. రొయ్యల మేత ఫ్యాక్టరీలో కొత్తగా పెడుతున్న రెండో లైనుకీ, దాన్ని నడిపించడానికి మూడు దేశాల మనుషులతో కట్టిన జట్టుకీ ఇకమీదట మేనేజరు శ్రీదుర్గ. అంటే నేనే.

కంపెనీ డెన్మార్క్ వాళ్ళది. మా పైవాళ్ళు సింగపూర్‌లో కూచుంటారు. ఫ్యాక్టరీ మాత్రం కంకిపాడు దాటాక పొలాల మధ్య ఉంటుంది. పద్దెనిమిదేళ్ళుగా గవర్నర్‌పేట నుంచి కంపెనీ బస్సులో వెళ్ళి వస్తున్నాను. నాకంటే పెద్ద చదువులు చదివినవాళ్ళు ఇద్దరున్నా నన్నే ఎందుకు ఎంచారో సింగపూర్ బాసు ఫోన్లో చెప్పాడు. "నువ్వుంటే గొడవలు రావు దుర్గా."

అది నిజమే. నాకు చిన్నప్పటినుంచీ ఉన్న విద్య అది. ఒకళ్ళ మాట ఇంకొకళ్ళకి చేర్చేటప్పుడు, చంటిపిల్లలకి చేపముక్క పెట్టినట్టు, ముళ్ళు ఏరేసి పెడతాను. మా అత్తింట్లో తోడికోడళ్ళ మధ్య, ఆఫీసులో షిఫ్టుల మధ్య, ఎక్కడైనా అంతే. దుర్గ మధ్యలో ఉంటే చాలు, అంతా నవ్వుకుంటూ లేచి వెళ్ళిపోతారని పేరు. ఆ పేరంటే నాకు గర్వంగా కూడా ఉండేది.

జట్టులో ముఖ్యమైనవాళ్ళు ముగ్గురు. యంత్రాలు బిగించడానికి నెదర్లాండ్స్ నుంచి వచ్చిన మార్టెన్. ముప్ఫై నాలుగేళ్ళవాడు, ఆరడుగుల పైన ఉంటాడు, మనసులో ఏదుంటే అది బయటికి అనేస్తాడు. మేత పాళ్ళు కుదర్చడానికి థాయ్‌లాండ్ నుంచి వచ్చిన సోంచాయ్ గారు. యాభై దాటిన మనిషి, ఎప్పుడూ చిరునవ్వు. ఇక మన వెంకటప్పయ్య గారు. పాత లైనుకి ఫోర్‌మన్. అంతకుముందు రైసుమిల్లుల్లో పనిచేశారు. చేత్తో పిండి పట్టుకుని దాని సంగతంతా చెప్పగలరు. ఇంగ్లీషు ముక్క రాదు.

మొదటి మీటింగు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. వెంకటప్పయ్య గారు పాత లైను నడిపే పద్ధతంతా తెలుగులో రాసి ఇస్తే, ల్యాబులో వినీల దాన్ని ఇంగ్లీషులో టైపు చేసింది. మార్టెన్ ఆ కాయితాన్ని బల్ల మీద పెట్టి వేలితో పొడిచాడు.

"ఇది తప్పు. ఇది కూడా తప్పు. పిండి మీద నీళ్ళు చల్లి అరగంట వదిలేయడమేమిటి? మధ్యయుగాల్లో ఉన్నామా?"

వెంకటప్పయ్య గారు నా వైపు చూశారు. "ఏవంటున్నాడండీ?"

"కాయితం బావుందంటున్నారండీ. ఒకటి రెండు చోట్ల మారిస్తే ఇంకా బావుంటుందంట."

"మొన్న విమానం దిగొచ్చి నాకు చెప్తాడా? ఈయన పుట్టకముందు నుంచీ పిండిలో ఉన్నోణ్ణి నేను."

"ఏమంటున్నాడు?" అన్నాడు మార్టెన్.

"మీ సలహా ఆలోచిస్తానంటున్నారు. తన అనుభవాన్ని కూడా కాస్త గుర్తుపెట్టుకోమంటున్నారు."

మార్టెన్ సంతోషంగా తలూపాడు. "కొత్త లైన్లో ఆవిరి చాలు. నలభై ఐదు సెకన్లు. నీళ్ళూ వద్దు, అరగంటా వద్దు. సోంచాయ్, మీకు ఓకేనా?"

సోంచాయ్ గారు చిరునవ్వు నవ్వారు. "బాగానే ఉంటుందేమో" అన్నారు.

నేను పుస్తకంలో 'ఓకే' అని రాసుకున్నాను. అందరం టీ తాగాం. ఇంత సాఫీగా జరిగిన మీటింగు ఈ ఫ్యాక్టరీలో ఇంకోటి లేదని ఆ రోజు బస్సులో మురిసిపోయాను.

ఇంట్లో కూడా ఆ వేసవి నాకదే పని. మా కీర్తన అప్పుడే పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉంది. చక్రికి వన్‌టౌన్‌లో తాళాలు, గొళ్ళాల హోల్‌సేల్ కొట్టు. కూతుర్ని హాస్టలున్న ఇంటర్ కాలేజీలో ఎంపీసీలో వెయ్యాలని ఆయన పట్టుదల. సీటు కూడా మాట్లాడేశాడు. కీర్తన నాతో ఒక్కటే మాట చెప్పింది.

"అమ్మా, నేను ఆ హాస్టలుకి వెళ్ళను. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చేస్తాను. నాన్నకి చెప్పు."

నేను చక్రికి చెప్పాను. "హాస్టలంటే పిల్ల కాస్త బెంగపడుతోందండీ."

"సర్దుకుంటుందిలే. జూన్ రెండున చేర్చాలి, బట్టలు కుట్టించు."

కీర్తన దగ్గరికి వచ్చి, "నాన్న ఆలోచిస్తున్నారు" అన్నాను.

అక్కడితో ఆగినా బావుండేది. ఏప్రిల్ నెలాఖర్లో కీర్తన చేత పాలిసెట్ రాయించాను. ఆ రోజు చక్రి అడిగితే, స్నేహితురాలికి తోడుగా వెళ్ళిందని చెప్పాను. ఏదో ఒక రోజు వీలు చూసుకుని మెల్లిగా చెప్పొచ్చులే అనుకున్నాను. మెల్లిగా చెప్పడానికి వీలున్న రోజు రాలేదు.

మే మొదటి వారంలో కొత్త లైను మీద మొదటిసారి మేత తీశాం. రొయ్యల మేతకి ఒక పరీక్ష ఉంది. గాజు గ్లాసులో నీళ్ళు పోసి, గుప్పెడు గుళికలు వేసి గడియారం చూస్తూ కూచోవాలి. రొయ్య నింపాదిగా తింటుంది కాబట్టి గుళిక రెండు గంటలైనా నీళ్ళలో విడిపోకుండా ఉండాలి. మా గుళికలు ఇరవై నిమిషాలకి బురదయ్యాయి. మార్టెన్ ఆవిరి పెంచాడు. ఇరవై రెండు నిమిషాలు. ఇంకా పెంచాడు. పద్దెనిమిది. వారంపాటు ఇదే వరస.

సింగపూర్ నుంచి ఫోనొచ్చింది. జూన్ పదిలోగా లైను నిలబడకపోతే యంత్రాలు విప్పి వియత్నాం ఫ్యాక్టరీకి పంపేస్తారట. ఆ లైను కోసం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి నలభై మందిని తీసుకుంటామని మాటిచ్చి ఉన్నాను. అందులో ముప్ఫై మంది ఆడవాళ్ళు. రోజూ గేటు దగ్గర ఎవరో ఒకరు "ఎప్పుడు రమ్మంటారమ్మా?" అని అడుగుతున్నారు.

అలాంటప్పుడు మార్టెన్ ఒక మాటన్నాడు. రాత్రి షిఫ్టులో ఎవరో కంట్రోల్ పెట్టెలో అంకెలు మారుస్తున్నారు, పరీక్షలు అయ్యేవరకు దానికి పాస్‌వర్డ్ పెడుతున్నాను, వెంకటప్పయ్యకి కారణంతో సహా చెప్పు అన్నాడు. నేను వెళ్ళి, "రెండు మూడు రోజులు మార్టెన్ గారే చూసుకుంటారంట. మీరు కాస్త రెస్టు తీసుకోండి" అని చెప్పాను. మర్నాడు ఉదయం ఆయన పెట్టె తెరవబోతే తెరుచుకోలేదు. పక్కన కుర్రాళ్ళు చూస్తున్నారు. చేతులు తుడుచుకుని ఇంటికి వెళ్ళిపోయారు. మూడు రోజులు రాలేదు. జ్వరమని కబురు పంపారు.

"జ్వరమైతే చూసి రావాలి కదా" అన్నాడు మార్టెన్.

వద్దనడానికి నాకు కారణం దొరకలేదు. నాలుగో రోజు సాయంత్రం ముగ్గురం కారులో బయల్దేరాం. దార్లో సోంచాయ్ గారు బండి ఆపించి, రోగికని రెండు డజన్ల బంగినపల్లి మామిడిపళ్ళు కొన్నారు.

మేం వెళ్ళేసరికి రోగి పంచె ఎగ్గట్టి గేదెను కడుగుతున్నారు. మమ్మల్ని చూసి గబగబా చేతులు తుడుచుకుని కుర్చీలు వేశారు. ఆయన భార్య రావమ్మ గారు మజ్జిగ తెచ్చి ఇచ్చారు. మార్టెన్ ఫోను మోకాలి మీద పెట్టుకుని కూచున్నాడు. అందులో ఏముందో నేను పట్టించుకోలేదు.

"జ్వరం ఎలా ఉందండీ?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"జ్వరం లేదు గిరం లేదు. కోపం వచ్చింది. నా చేత్తో తెరిచే పెట్టెకి తాళం వేశాడు. చెప్పి వెయ్యొచ్చుగా? ఇట్టా అంటన్నానని ఏమనుకోకండి మేడం గారూ, పిండి సంగతి ఈ తెల్లాయనకంటే మా గేదెకి ఎక్కువ తెలుసు."

నేను మార్టెన్ వైపు తిరిగి, "కొన్ని సూచనలు చెయ్యాలనుకుంటున్నారు" అన్నాను.

అప్పుడు ఫోను మాట్లాడింది. అనువాదం చేసే యాప్ అట. రైల్వేస్టేషన్లో ప్రకటనలు చెప్పే గొంతుతో, ఇంగ్లీషులో, ఒక్కో మాటా విడదీసి చెప్పింది: "పిండి గురించి ఈ తెల్లవాడి కంటే నా గేదెకి ఎక్కువ తెలుసు."

మజ్జిగ గ్లాసు నా చేతిలోనే ఉండిపోయింది. మార్టెన్ ఫోను చూశాడు. నన్ను చూశాడు. తరవాత గేదెను కాసేపు చూశాడు.

"ఎన్నాళ్ళుగా ఇలా చేస్తున్నావు?" అని అడిగాడు.

"మొదటి మీటింగు నుంచి" అన్నాను.

అతను కోప్పడతాడని చూశాను. ఫోను నోటి దగ్గర పెట్టుకుని ఏదో అడిగాడు. ఫోను ఈసారి తెలుగులో గంభీరంగా పలికింది.

"మీ మహిషమునకు ఏమి తెలియును?"

రావమ్మ గారు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని పగలబడి నవ్వారు. వెంకటప్పయ్య గారికి వెక్కిరింతేమోనని అనుమానం. కానీ మార్టెన్ ముఖంలో నవ్వు లేదు. నిజంగానే అడుగుతున్నాడు. వెంకటప్పయ్య గారు లేచి, రమ్మన్నట్టు చెయ్యి ఊపి కుడితి తొట్టి దగ్గరికి తీసుకెళ్ళారు.

తవుడు తట్టలోంచి రెండు గుప్పెళ్ళు తీసి బకెట్లో వేశారు. రావమ్మ గారిని పొయ్యి మీద మరిగే నీళ్ళు తెమ్మని, దాని మీద ఒక్కసారిగా పోయించారు. తవుడు ఉండలు కట్టింది. ఒక ఉండ తీసి మార్టెన్ చేతిలో పెట్టారు. పైన తడిగా మెరుస్తోంది. విరిచేసరికి లోపల పొడి పిండి గాలికి ఎగిరింది.

"ఎండాకాలం తవుడు ఇట్టాగే ఉంటదయ్యా, మన మేత పిండిలో పడేదీ ఇదే. ఎండి ఎండి ఉంటది. వేడి తగలగానే పైన తోలు కడతది, లోపలికి తడి పోదు. ఇది పెడితే మా గేదె మూతి కూడా పెట్టదు. చల్లనీళ్ళు చిలకరించి అరగంట ఉంచి, అప్పుడు వేడినీళ్ళు పోస్తే మెత్తగా కలుస్తది. నీ ఆవిరి ఎంత పెంచితే తోలు అంత గట్టిపడతది."

ఫోను చెబుతూనే ఉంది. కొన్ని మాటలు తప్పుగా చెప్పింది. అప్పటికి మార్టెన్ వినడం మానేశాడు. వంగి కూచుని ఒక్కొక్క ఉండా విరుస్తున్నాడు. సోంచాయ్ గారు కూడా వచ్చి ఒకటి విరిచి, పొడి వాసన చూసి, నాలిక మీద వేసుకున్నారు. వెంకటప్పయ్య గారు ఆయన్ని ఆశ్చర్యంగా చూశారు. తన లాగే పిండిని నోట్లో వేసుకుని చూసే ఇంకో మనిషి ఆయనకి అప్పటిదాకా తగల్లేదు.

"మా దగ్గర కూడా ఏప్రిల్లో ఇంతే" అన్నారు సోంచాయ్ గారు.

"మీకు ముందే తెలుసా? మరి మొదటి రోజు ఎందుకు చెప్పలేదు?" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినపడింది.

"చెప్పాను కదా. బాగుంటుంది'ఏమో' అన్నాను." చేతికంటిన పొడి దులుపుకుంటూ, "మీరు చాలా సంతోషంగా కనపడ్డారు. పాడుచెయ్యాలనిపించలేదు" అన్నారు.

వెళ్ళేముందు మార్టెన్ పాస్‌వర్డ్ సంగతి ఎత్తాడు. కారణంతో సహా చెప్పమని దుర్గకి చెప్పానే అన్నాడు. ఫోను అది తెలుగులో చెప్పగానే వెంకటప్పయ్య గారు నా వైపు తిరిగారు.

"మీరు నన్ను రెస్టు తీసుకోమన్నారు గదండీ!"

"అవునండీ. తప్పు నాది" అన్నాను. ముళ్ళతో సహా నేనన్న మొదటి మాట అదేనేమో.

తిరుగు ప్రయాణంలో కంకిపాడు దాటాక మార్టెన్ అన్నాడు: "ఆయన నన్ను తిడితే, తిట్టు కూడా చెప్పు. తిట్లు నాకు పనికొస్తాయి."

ఇంటికి వచ్చేసరికి ఇంకా చీకటి పడలేదు. హాలు మధ్యలో కొత్త ట్రంకుపెట్టె, ప్లాస్టిక్ బకెట్టు. చక్రి చిన్న కుంచెతో బకెట్టు మీద కీర్తన పేరు రాస్తున్నాడు. 'కీ' అయిపోయింది. కీర్తన సోఫాలో ఫోను పట్టుకుని నన్నే చూస్తోంది. ఆ రోజే పాలిసెట్ ఫలితాలు వచ్చాయి, ర్యాంకు నాకు ముందే మెసేజ్ పెట్టింది.

చెప్పులు కూడా విప్పకుండా చెప్పేశాను. "ఏవండీ, కీర్తన హాస్టలుకి వెళ్ళనంటోంది. బెంగ కాదు, ఇష్టం లేదు. మెకానికల్ డిప్లమో చేస్తానంటోంది. పాలిసెట్ రాసింది. నేనే రాయించి మీకు అబద్ధం చెప్పాను. మంచి ర్యాంకే వచ్చింది."

చక్రి కుంచెను రంగు డబ్బా మీద అడ్డంగా పెట్టాడు. నేను ఇంకేదో సర్దిచెప్పబోయాను.

"నువ్వుండు" అన్నాడు. కూతురి వైపు తిరిగి, "నువ్వు చెప్పు" అన్నాడు.

వంటింట్లోకి వెళ్ళి పొయ్యి దగ్గర ఊరికే నిలబడ్డాను. ముందు కీర్తన గొంతు వినపడింది, తరవాత చక్రిది.

"మెకానికలంటే ఏంటో తెలుసా నీకు? చేతులు నల్లబడతాయి."

"నీ చేతులకి రోజూ తాళాల గ్రీజు ఉంటుంది కదా నాన్నా. నేనెప్పుడైనా అసహ్యించుకున్నానా?"

చక్రి రెండు రోజులు నాతో కూరలో ఉప్పు గురించి తప్ప మాట్లాడలేదు. మూడో రోజు కొట్టుకి వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

"ఆ సీటు వద్దని చెప్పి వచ్చాను. అయినా నాకు నచ్చలేదు. నచ్చిందనుకోకు."

"అనుకోనులెండి."

"నువ్వు నాకు అబద్ధం చెప్పడం ఇంకా నచ్చలేదు."

"తెలుసు" అన్నాను. అంతకంటే మెత్తటి మాటలు నా దగ్గర చాలా ఉన్నాయి. వాడలేదు.

ఫ్యాక్టరీలో మీటింగులు బయటికి వినపడేంత పెద్దవయ్యాయి. వెంకటప్పయ్య గారు తిట్టేవారు, నేను తిట్టినట్టే చెప్పేదాన్ని. మార్టెన్ "తప్పు" అంటే "తప్పంటున్నారు" అనేదాన్ని. మొదటి రెండు రోజులు నాకు చెమటలు పోశాయి. ఎవరూ చచ్చిపోలేదు. పైగా మార్టెన్, వెంకటప్పయ్య గారు అరుచుకున్న అరగంటకే ఒకే ప్లేటులో పకోడీలు తింటూ కనపడేవారు.

ఒకరోజు మార్టెన్, పిండి మీద నీళ్ళు చల్లి ఉంచే అరగంటను పది నిమిషాలకి తగ్గిద్దామన్నాడు. "సోంచాయ్, ఓకేనా?" అని అడిగాడు. సోంచాయ్ గారు ఎప్పటిలాగే నవ్వారు. బల్లకేసి చూశారు. చెవులు ఎర్రబడ్డాయి.

"కాదు" అన్నారు.

గది మొత్తం చప్పట్లు కొట్టింది. ఆయన సిగ్గుపడి, లేచి నిలబడి అందరికీ దణ్ణం పెట్టారు. అరగంట అరగంటగానే ఉంది. మిక్సర్లో నీళ్ళు చిలకరించే గొట్టాలు బిగించడానికి మార్టెన్‌కి ఆరు రోజులు పట్టింది. కంట్రోల్ పెట్టె పాస్‌వర్డ్ ఇప్పుడు వెంకటప్పయ్య గారికి కూడా తెలుసు.

జూన్ ఆరో తారీఖున గాజు గ్లాసు మళ్ళీ బల్ల మీదికి వచ్చింది. గుళికలు వేశాం. ఇరవై నిమిషాలు దాటాయి. గంట దాటింది. ఎవరూ భోజనానికి లేవలేదు. రెండు గంటలు నిండాక వెంకటప్పయ్య గారు వేలు ముంచి ఒక గుళిక తీసి నొక్కారు. మెత్తగా ఉంది, విడిపోలేదు. అది సోంచాయ్ గారికి ఇచ్చారు. ఆయన మార్టెన్‌కి ఇచ్చారు. మార్టెన్ దాన్ని నోట్లో వేసుకుని ముఖం వికారంగా పెట్టాడు. ఆ ముఖం చూసి నవ్వీ నవ్వీ నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి.

పద్నాలుగో తారీఖున ఉదయం ఆ నలభై మంది గేటు లోపలికి వచ్చారు. అదే రోజు కీర్తనకి పాలిటెక్నిక్ కౌన్సెలింగ్. నేను కదల్లేని రోజు. చక్రి కొట్టు కట్టేసి తనే తీసుకెళ్ళాడు. పదకొండింటికి ఫోను మోగింది. వెనక మోతల్లో సరిగ్గా వినపడక బయటికి వచ్చాను.

"అమ్మా, నాన్న కంప్యూటర్ పెట్టమంటున్నాడు. నువ్వు చెప్పమ్మా." వెంటనే చక్రి ఫోను లాక్కున్నట్టున్నాడు. "దుర్గా, ఆడపిల్లకి కంప్యూటరైతే సుఖం కదా. దానికి కాస్త నచ్చచెప్పు."

నోటి చివరిదాకా వచ్చింది, ఇద్దరికీ సరిపోయే మాట ఒకటి.

"పక్కపక్కనే ఉన్నారుగా, మీరే మాట్లాడుకోండి" అని ఫోను పెట్టేశాను.

పెట్టాక గంటసేపు ప్రాణం నిలవలేదు. నాలుగుసార్లు ఫోను తీసి చూశాను. ఎవరూ చెయ్యలేదు. మధ్యాహ్నం మొదటి బస్తా మూతి కుట్టేటప్పుడు ఫొటో తీస్తున్నారని పిలిస్తే వెళ్ళి నిలబడ్డాను. ఆ ఫొటోలో అందరూ కెమెరా వైపు చూస్తుంటే నేనొక్కదాన్నే చేతిలో ఫోను చూసుకుంటున్నాను.

సాయంత్రం ఆరున్నరకి బస్సు దిగి మా అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కుతున్నాను. రెండో అంతస్తుకి వచ్చేసరికే మా ఇంట్లోంచి గొంతులు వినపడ్డాయి.

"మెకానికల్ నువ్వే అన్నావు, నీ మాటే పెట్టాం. బస్సు మాత్రం నా మాట. స్కూటీ కొననంటే కొనను!"

"బస్సులో నిలబడి వెళ్తే గంట పడుతుంది నాన్నా! నీకు తెలీదు, నువ్వెప్పుడూ బండి మీదేగా తిరిగేది!"

"నాకు తెలీదా? నీ వయసులో నేను బస్సు మెట్టు మీద వేలాడి వెళ్ళేవాణ్ణి!"

"మరి దానివల్లే నీకు నడుంనొప్పి వచ్చిందేమో!"

నేను గబగబా మా తలుపు దాకా ఎక్కి తాళంచెవి తీశాను. తరవాత చక్రి నవ్వాడు. గట్టిగా, ఆపుకోలేకుండా. కీర్తన కూడా నవ్వింది. నవ్వయిపోగానే మళ్ళీ బస్సు దగ్గరికే వచ్చారు.

తాళంచెవి నా చేతిలోనే ఉంది. బ్యాగు పక్కన పెట్టుకుని మెట్టు మీద కూచున్నాను. ఎదురింటి సువార్తమ్మ గారు తలుపు తీసి, "ఏంటమ్మా దుర్గా, ఇంట్లో ఏదో గొడవలా ఉంది, నువ్వెళ్ళవా?" అన్నారు.

"కాసేపుండి వెళ్తానండీ" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, లోపలికి వెళ్ళి నాకో గ్లాసు టీ తెచ్చి ఇచ్చారు. వేడిగా ఉంది. నింపాదిగా తాగాను.